బీచ్ రోడ్డులో రెండు వేల ఏళ్లు!

వైజాగ్ వెళ్లి ఆర్కే బీచ్‌లో నాలుగు సెల్ఫీలు దిగి వచ్చేస్తున్నారా? ఈసారి ఒక్క రోజు భీమిలి రోడ్డుకి కేటాయించండి. దారి పొడవునా సముద్రం మీ కుడిపక్కనే ఉంటుంది.

పొద్దున్నే తొట్లకొండ ఎక్కేయండి. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటిది. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. 1976లో నౌకాదళం విమానంలో సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి.

ఎండ ముదరకముందే ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లండి. సినిమా పాటల్లో చూసే ఉంటారు. రాయిలా కనిపిస్తాయి కానీ, వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుకే అదంతా. ఇనుము వల్ల ఆ ఎరుపు. వానకే కోసుకుపోయే దిబ్బలివి. రీల్ కోసం అంచులెక్కి దూకితే ఇంకా తొందరగా కూలిపోతాయి. పోయిన దిబ్బ మళ్లీ రాదు. కింద నుంచి తీసినా ఫొటో అదిరిపోతుంది!

తర్వాత భీమిలి. 17వ శతాబ్దంలో వ్యాపారానికొచ్చిన డచ్చివాళ్ల సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోండి.

సాయంత్రం తిరుగుదారిలో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కండి. 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో రిటైరై, మ్యూజియంగా మారింది. అన్నట్టు, సోమవారం దానికి సెలవు.