కప్పు అమెరికాది... కేకు బ్రిటన్‌ది!

వీడియో అమెరికాది. ఓవెనేమో బ్రిటన్‌ది. మాంచెస్టర్‌లో ఓ అద్దింట్లో ఫ్రెండ్ బర్త్‌డే కోసం కేకు మొదలైందనుకోండి. ‘రెండు కప్పుల ఆల్‌పర్పస్ ఫ్లోర్, ఒక స్టిక్ బటర్, 350 డిగ్రీలు’ అంటూ స్క్రీన్ మీద ఆవిడ చకచకా చెప్పేస్తోంది. ఇక్కడ చూస్తే కొలత కప్పే లేదు. బటర్ 250 గ్రాముల ప్యాకెట్‌లో ఉంది. ఓవెన్ మీద 250 దాటితే అంకే లేదు!

రెండు దేశాలదీ ఇంగ్లిషే. కానీ వంటింట్లోకి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. చదువుకనో, ఉద్యోగానికనో బ్రిటన్ వెళ్లిన మనవాళ్లకీ ఇదే తిప్పలు. కాస్త కిటుకు తెలిస్తే మాత్రం కష్టమేమీ కాదు.

కప్పు కథ ఇదీ!

అమెరికన్లు పిండి, పంచదార లాంటివి కూడా కప్పులతోనే కొలుస్తారు. 1896లో వచ్చిన ఫ్యానీ ఫార్మర్ ‘బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్’ అంచు వరకూ సమంగా నింపే కప్పు, చెంచా కొలతల్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. బ్రిటన్ వాళ్లు మాత్రం త్రాసునే నమ్ముకున్నారు. అప్పట్లో ఔన్సులు, ఇప్పుడు గ్రాములు.

అమెరికన్ కప్పు అంటే దాదాపు 237 మి.లీ. మెట్రిక్ కప్పు 250 మి.లీ. ఆ తేడా చిన్నదే. అసలు చిక్కంతా పిండితోనే. చెంచాతో తేలిగ్గా నింపితే కప్పు పిండి 120 గ్రాములుంటుంది. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వెళ్లొచ్చు. రెండు కప్పులకే 60 గ్రాములు ఎక్కువ! కేకు పొడిపొడిగా, గట్టిగా వచ్చేది అందుకే. కాబట్టి కప్పు కొనే బదులు చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి.

స్క్రీన్‌షాట్ తీసుకోండి!

ఒక అమెరికన్ కప్పు అంటే సుమారుగా...
• ఆల్‌పర్పస్ ఫ్లోర్: 120-125 గ్రాములు
• పంచదార: 200 గ్రాములు
• అదిమి నింపిన బ్రౌన్ షుగర్: 215-220 గ్రాములు
• బటర్: 227 గ్రాములు
• పాలు, నీళ్లు: 240 మి.లీ.
ఒక స్టిక్ బటర్ అంటే 113 గ్రాములు. అంటే అరకప్పు.

పింట్ పేరు ఒకటే కానీ...

బ్రిటన్ 1824లో గ్యాలన్‌కి కొత్త కొలత పెట్టుకుంది. అప్పటికే విడిపోయిన అమెరికా పాత వైన్ గ్యాలన్‌నే అట్టిపెట్టుకుంది. గ్యాలన్‌లో ఎనిమిదో వంతే పింట్. అందుకే బ్రిటన్ పింట్ 568 మి.లీ., అమెరికా పింట్ 473 మి.లీ. అమెరికన్ సూప్‌కి బ్రిటన్ పింట్‌తో నీళ్లు పోస్తే పల్చనైపోవడం ఖాయం.

తెలిసిన మాటలే ముంచుతాయి!

జుకినీ అంటే కోర్జెట్, ఎగ్‌ప్లాంట్ అంటే ఓబర్జీన్, సిలాంట్రో అంటే కొత్తిమీర, ఆల్‌పర్పస్ అంటే ప్లెయిన్ ఫ్లోర్. వీటితో పెద్ద ప్రమాదం లేదు. తెలియదు కాబట్టి వెంటనే సెర్చ్ చేస్తాం. తెలిసినట్టు కనిపించే మాటలతోనే జాగ్రత్త.

కార్న్‌ఫ్లోర్: బ్రిటన్‌లో గ్రేవీ చిక్కబడటానికి వేసే తెల్లటి పొడి. మన దగ్గరా అంతే. దాన్ని అమెరికన్లు కార్న్‌స్టార్చ్ అంటారు. వాళ్లు కార్న్ ఫ్లోర్ అన్నారంటే మెత్తటి మొక్కజొన్న పిండి!

బిస్కెట్: అమెరికాలో ఇది స్కోన్‌లా మెత్తగా ఉంటుంది, గ్రేవీతో తింటారు. టీలో ముంచుకునేది కాదు.

జెల్లీ: అమెరికన్లు బ్రెడ్‌కి రాసుకునే జెల్లీ జామ్ లాంటిది. బ్రిటన్‌లో జెల్లీ అంటే గిన్నెలో తొణికే డెజర్ట్.

లార్జ్ ఎగ్: అమెరికన్ లార్జ్ గుడ్డు పెంకుతో కలిపి దాదాపు 57 గ్రాములు. బ్రిటన్‌లో లార్జ్ అంటే 63 నుంచి 73. కాబట్టి అక్కడి మీడియం గుడ్డే సరిపోతుంది.

హెవీ క్రీమ్: ఇందులో కొవ్వు 36 శాతం. బ్రిటన్ డబుల్ క్రీమ్‌లో 48 శాతం. గిలక్కొట్టేటప్పుడు ఇట్టే గట్టిపడిపోతుంది. విప్పింగ్ క్రీమ్ అయితే దగ్గరగా ఉంటుంది.

బ్రాయిల్: పైనుంచి మంట తగిలేలా వండటం. బ్రిటన్ ఓవెన్‌లో దాన్నే గ్రిల్ అంటారు. అమెరికన్లు గ్రిల్ అంటే మంట కింద ఉన్నట్టు.

ఇక 350 డిగ్రీల సంగతి. అది ఫారెన్‌హీట్. బ్రిటన్‌లో 180 సెల్సియస్ పెట్టాలి. ఫ్యాన్ ఓవెన్ అయితే 160, గ్యాస్ ఓవెన్ అయితే మార్క్ 4.

ముందు ఐదు నిమిషాలు!

ఇంట్లో అమ్మ ఉప్పూ కారం కంటి కొలతతో వేసినా పప్పు అద్భుతంగా కుదురుతుంది. తక్కువైతే తర్వాత కలుపుకోవచ్చు కూడా. కేకుకి ఆ వెసులుబాటు లేదు. ఓవెన్‌లోకి వెళ్లాక సరిదిద్దలేం.

అందుకే పిండి డబ్బా తెరిచే ముందే రెసిపీ మొత్తం చదవండి. ప్రతి కప్పునీ గ్రాముల్లోకి మార్చి ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. తెలిసిన మాట కనిపించినా ‘ఇది ఏ దేశం మాట?’ అని ఒక్కసారి అడగండి. కేకు బాగా కుదిరిందా? ఆ నోట్‌ని సేవ్ చేసుకోండి. వచ్చే బర్త్‌డేకి వీడియోతో పనే ఉండదు!