రామదాసు కీర్తనములలో లెక్కయు నెత్తిపొడుపును

మంజీరానది కందకుర్తికడ గోదావరిం గలియును. ఆ మంజీరాప్రాంతమునందలి బీర్కూరువంటి గ్రామములు మొదలుకొని దిగువ గోదావరీతీరమునందలి భద్రాచలమువఱకును దెలుఁగువారి భజనలలో రామదాసు కీర్తనములు పాడఁబడుచునే యున్నవి. చిడతలు, తాళములు, మృదంగము వీని సందడిలోఁ బాడువారును వినువారును భక్తిపరవశు లగుటచే నా పాటలయందలి యొక విశేషము తఱచుగా మఱుగుపడిపోవుచున్నది. వానిలోఁ బెక్కులు వట్టి వేఁడికోళ్లు గావు, తగవులు. దేవుని దూఱుట, లెక్క యడుగుట, పలుకకున్న నెత్తిపొడుచుట, అప్పటికిని బలుకకున్న నితరులచే సిఫారసు చేయించుట యను నీ నాలుగును గవిని విడువక వెంబడించిన విషయములు. ఏ కీర్తనమెత్తినను వీనిలో నొకటి తలచూపును.

రామదాసుగాఁ బ్రసిద్ధుఁడైన కంచర్ల గోపన్న యిప్పటి ఖమ్మముజిల్లాలోని నేలకొండపల్లివాఁడు. 17వ శతాబ్ది యుత్తరార్ధమున గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషాకడ నధికారము నెఱపిన అక్కన్న మాదన్నల కితఁడు మేనల్లుఁడని సంప్రదాయము. వారి పలుకుబడిచేఁ బాల్వంచపరగణా తహశీలుదారీ లభించినదనియు, వసూలైన సర్కారు పైకమును భద్రాచలమున రామాలయమునకును స్వామి నగలకును వెచ్చించి చెఱపాలయ్యెననియు, ఆ చెఱ 12 ఏండ్లు సాగెననియుఁ జెప్పుదురు. గోలకొండ కోటలో రామదాసు బందీఖానా యని నేఁటికిని జూపెడు గదిగోడమీఁద సీతారామలక్ష్మణుల రూపములు చెక్కఁబడి యున్నవి. ఈ కథలో నెంత చరిత్రయో యెంత పురాణమో విడఁదీయుట వేఱుపని. కీర్తనముల కర్థము దెలియుటకు దానిలో నొక్కయంశము చాలును: ఈ కవి లెక్కలు వ్రాసి పైవారి కప్పగించు వృత్తివాఁడు.

‘ఇక్ష్వాకుకులతిలక’ యను కీర్తనము దీనికిఁ బ్రధానసాక్ష్యము. ప్రసిద్ధపాఠమున నందుఁ జరణమున కొక పద్దు. చుట్టుఁ బ్రాకారములు కట్టించినందులకు 10,000 వరహాలు. భరతుని పచ్చలపతకమునకు 10,000. శత్రుఘ్నుని బంగారు మొలత్రాటికి 10,000 మొహరీలు. లక్ష్మణుని ముత్యాలపతకమునకు మరల 10,000 వరహాలు. సీతమ్మ చింతాకుపతకమునకును నంతియే. కోటగోడవంటి ప్రాకారమునకును మెడలోని పతకమునకును నొకటే ధర పడుట యే చిట్టాలోను జరుగదు. కావున నివి యథార్థమైన పద్దులని నమ్మి గుడి ఖర్చు కూడఁ జూచువాఁడు మోసపోవును. పాటకుఁ గావలసినది మొత్తము గాదు. పద్దు వెంటఁ బద్దు చదువుచున్న గుమాస్తా కంఠము. అయినను లెక్కలోఁ గాలపుముద్ర లేకపోలేదు. విజయనగరకాలమునుండి దక్షిణదేశమునఁ జెల్లుచున్న వరహాయు, నుత్తరాది మొగలాయి మొహరీయు నొక్క జాబితాలో నెక్కుట యానాఁటి గోలకొండ రాజ్యమున వింత గాదు.

పద్దులు ముగిసినచో టింకను జూడఁదగినది. రామునికిఁ జేయించిన కలికితురాయి వంతు వచ్చునప్పటికి ధర చెప్పఁబడదు. అంకె యుండవలసినచోటఁ బ్రశ్న యున్నది. ఎవరి యబ్బ సొత్తని దానిఁ దుఱిమికొని కులుకుచున్నావని గుమాస్తా యజమానిని నిలఁదీయును. తరువాతి చరణమున నది మఱింత పదునెక్కును: తండ్రి దశరథుఁడు పెట్టెనా, మామ జనకుఁడు పంపెనా యని. పెండ్లింట నల్లునిఁ గించపఱుచువారి మాటతీరిది. సొమ్మెక్కడ యని సర్కారు గోపన్న నడిగినది. గోపన్న యా ప్రశ్ననే రాముని మీఁదికిఁ దిప్పినాఁడు. ముద్దాయి వాదియైనాఁడు.

ఇచ్చట నొక మాట చెప్పక తీఱదు. ఆ సొమ్ము దశరథునిదియుఁ గాదు, జనకునిదియుఁ గాదు, గోపన్నదియుఁ గాదు. కథనే నమ్మినచోఁ బాల్వంచరైతులు కట్టిన శిస్తు. అంత నిశితమైన ప్రశ్న వేసిన కీర్తనము దానికి సరియైన యుత్తర మెన్నఁడును జెప్పదు. భక్తులకును నది యడుగఁ దోఁచదు.

వృత్తిభాష దేవునిముందుఁ బెట్టుట యొక్క రామదాసుచేతనే జరిగినది గాదు. 17వ శతాబ్దిలోనే మహారాష్ట్రమున దేహుగ్రామమునఁ గోమటివ్యాపారము చేసికొన్న తుకారాముఁడు తన యభంగములలో నప్పులు, పత్రములు, బేరములు ఎత్తి విఠలునితోఁ గలహించెను. అయితే తుకారాముఁడు తన బాకీపత్రములను నింద్రాయణీనదిలో విడిచిపెట్టెనని కథ. గోపన్న చేతిలోని చిట్టా యెన్నఁడును విడువలేదు.

ఈ దూషణమును వ్యాజస్తుతి యని లాక్షణికులు తేలికగా సరిపుచ్చుదురు. నిందవలెఁ దోఁచి స్తుతి యగుటయు, స్తుతివలెఁ దోఁచి నింద యగుటయు నా యలంకారమునకు లక్షణము. దానికిఁ జక్కని లక్ష్యము కావలెనన్నఁ గృష్ణాతీరమునందలి శ్రీకాకుళాంధ్రవిష్ణువుమీఁదఁ గాసుల పురుషోత్తమకవి చెప్పిన ఆంధ్రనాయకశతకము చాలును. సంపద యాలిది, సృష్టి కొడుకుది, ఇఁక నీ గొప్ప యేమని యాతఁ డడిగినపుడు ప్రతి నిందయుఁ దిరిగి స్తోత్రమై కూర్చుండును. రామదాసునందట్లు గాదు. ఎవరి సొమ్మని యడిగినపుడా మాట యే యర్థమునఁ దిప్పినను స్తుతి కానేరదు. అది యెత్తిపొడుపు, ఎత్తిపొడుపుగానే నిలుచును. అలంకారశాస్త్రముచే దానిని మెత్తఁబఱుచుట కవికి మేలు గాదు.

మఱి యిన్ని పద్దు లెందులకు? ఆ కీర్తనపు పల్లవి సొమ్ము తిరిగి యిమ్మని కోరదు. ఇఁకనైనఁ బలుకు మని కోరును. లెక్క యంతయు నొక్కమాటకొఱకు. ఇదియే ‘పలుకే బంగారమాయెనా’ యను నానందభైరవిరాగపు కీర్తనమునకును బ్రాణము. మాట బంగారమగుట తెలుఁగున సామాన్యపు నుడికారమే. పిలిచిన పలుకని బంధువు నెవరైన నట్లే దెప్పుదురు. కాని బంగారముకొఱకుఁ జెఱఁబడినవాని నోట నా నుడి వెలువడునపుడు దాని తూనిక మాఱును. స్వామికి నగలుగా నిచ్చినది బంగారము. స్వామి దాఁచుకొన్నదియు బంగారమే. ఆ పాటలోనే యిసుకలోఁ బొరలిన యుడుతయు, రాతినుండి వెలువడిన నాతియుఁ బూర్వపు తీర్పులుగాఁ జూపఁబడుట గమనింపఁదగును. వారికిఁ జెల్లిన న్యాయము తనకేల చెల్లదని వాదము.

వాదము ఫలింపనిచో నధికారి యెఱిఁగిన యుపాయ మింకొకటి కలదు. సీతమ్మతల్లి నుద్దేశించిన ‘నను బ్రోవుమని చెప్పవే’ యను కీర్తనమున సిఫారసు కోరుట మాత్రమే గాదు, దాని కనువైన వేళయు నిర్ణయింపఁబడినది: దంపతు లేకాంతమున నున్నపుడును, స్వామి నిద్రమేల్కొనునపుడును జెప్పవలెనఁట. అర్జీ యెప్పుడు పెట్టవలెనో యెఱిఁగినవాఁడే దర్బారున నెగ్గును. మేనమామల సిఫారసుచేఁ గొలువునకు వచ్చినవానికి నీ మర్మ మొకరు నేర్పవలసిన పని లేదు. ఆ మేనమామలు 1686లోఁ జంపఁబడిరి. 1687లో గోలకొండయే ఔరంగజేబు వశమయ్యెను. మనుష్యుల సిఫారసున కున్న బలిమి యంతటిది.

లెక్కకీర్తనపు తుదిచరణములలోఁ గవి వెనుకకుఁ దగ్గినట్లు కనఁబడును. తిట్టితినని బాధపడవలదనియు, దెబ్బల కోర్వలేక యట్లంటిననియుఁ జెప్పును. భజనలలో నీ చరణము వచ్చునపుడు గొంతులు గద్గదములగును. కాని నిదానించి చూచినచో నిది క్షమాపణము మాత్రమే గాదు. తిట్టినది నిజమని యొప్పుకొనుచు, తిట్టించినవి దెబ్బ లనుచున్నాఁడు. ఆ దెబ్బలు తగులుచుండఁగా నూరకున్న దెవరో పేర్కొనఁబడలేదు, పేర్కొన నక్కఱలేదు. క్షమాపణములో నింకొక ఫిర్యాదు దాఁగియున్నది. దైవదూషణ మిందుఁ గలదా యని శంకించువారికి నీ చరణమే సమాధానముగాఁ జూపుట పరిపాటి. ఆ చరణమునకు ముందున్న వేదన నది చెఱిపివేయుననుట మాత్రము సరిగాదు.

లోకము చెప్పుకొను కథలో రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీ లను పేళ్లతో రాత్రివేళఁ దానీషాకడకు వచ్చి 6 లక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరి. కీర్తనములలోని లెక్క కిది ప్రజ లిచ్చిన ముగింపు. అదియు దఫ్తరపు భాషలోనే యున్నది. అయితే యా రాత్రి స్వామి దర్శన మిచ్చినది తానీషాకు, పలికినది తానీషాతో. గోపన్న చెఱలో నున్నాఁడు. బాకీ తీఱినది గాని పల్లవిలో నడిగిన యొక్కమాట కథలోను వినఁబడదు.

దాదాపు నూఱేండ్లకుఁ బిమ్మట జన్మించిన త్యాగరాజు (1767–1847) ‘క్షీరసాగరశయన’ యను కృతిలో, ధీరుఁడైన రామదాసుని బంధము వదలించితివని వింటినని రామునికి గుర్తుచేయును. ఉడుత నహల్యను సాక్ష్యముగాఁ దెచ్చిన రామదాసు తానే యింకొకని యర్జీలో సాక్ష్యమైనాఁడు.