బీటవారిన సిమెంటుదిమ్మెల గోడలు



మా గిడ్డంగిగోడలోని యొక బీటకు మేము వరుసగా రెండేండ్లు సిమెంటు పూయించితిమి. మూడవ యేట అదే చోట గోడ మరల విచ్చెను. తొలకరివానకు తేమ దిగి బస్తాలలోని ధాన్యము బూజుపట్టెను. బీటను మూసితిమి గాని కారణమును విచారింపమైతిమి. తప్పు మాదియే.

జ్వరమువలె బీటయు లోపలి రోగమునకు గుర్తు. దాని రూపమును మొదట చూడవలెను.

నిలువుగా, అంతట నొకే సన్నదనముతో నుండు బీట, దిమ్మెలు ఆరకమునుపే కట్టుటవలనఁ గలుగును. ఆరుకొలది దిమ్మె కుంచించుకొనును. దిమ్మెలను 14 దినములు తడిపి, 4 వారములు ఆరనిచ్చి కట్టవలెను. మట్టియిటుకలవలె నానవేసి కట్టరాదు.

అతుకుల వెంట మెట్లుమెట్లుగా నేటవాలుగా పోవుచు, ఒక కొన వెడల్పైన బీట పునాది కదలికను దెలుపును. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. దానితో గోడయుఁ గదలును.

గోడ నడుమ అడ్డముగా బీటవారి, గోడ వెలికి ఉబ్బినచో అపాయము. తూకపుగుండుతో చూడుడు. బస్తాలను వెంటనే తీయించి, ఇంజనీరును పిలిపింపుడు. బస్తాలను గోడకు ఆనించి పేర్చుట ఎన్నఁడును తగదు.

గోడ యింకను కదలుచున్నదా యని తెలిసికొనుటకు, బీటకు అడ్డముగా సన్నని గాజుపలకను రెండు కొనలయందు సిమెంటుతో అంటించి తేదీ వ్రాయుడు. ఒక వేసవియు నొక వానకాలమును గడచువఱకు గాజు పగులనిచో కదలిక నిలిచినది.

అట్టి బీటను ఉలితో అర అంగుళము వెడల్పున చెక్కి, దుమ్ము దులిపి, తడిపి, సిమెంటు 1 పాలు, సున్నము 1 పాలు, ఇసుక 6 పాళ్లు కలిపిన గారతో నింపి, 7 దినములు తడుపవలెను. సిమెంటు హెచ్చినకొలది మేలనుట భ్రమ. మిక్కిలి గట్టిగార దిమ్మెనే చీల్చును.

గాజు పగిలినచో పూతవలన ఫలము లేదు. మొదట నీటిని మళ్లింపవలెను. చూరునీరు పునాదికడ నిలువకుండ కాలువ తీసి, గోడ చుట్టును వెలివాలుగా గచ్చు చేయింపుడు. రేగడిలో క్రొత్తగా కట్టువారికి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిన అడుగు ఉబ్బెత్తు కాంక్రీటుస్తంభపు పునాదులు కలవు.

మా గోడది మెట్లబీట. చూరునీరు మూలకు చేరుచుండెను. కాలువ త్రవ్వించిన పిమ్మట గాజు ఏడాది నిలిచెను. అటుపిమ్మటనే గార నింపితిమి.