వానొస్తాదని చెప్పినారు, గోనెలు తడపాలా వద్దా?



పోయినసారి వాతావరణ సమాచారం పంపినాక గ్రూపులో ఒక అక్క అడిగింది: "ఎండ 35 దాటుతాది అంటారు, సాయంత్రం ఉరుములతో వాన అని కూడా అంటారు. మేం గోనెలు తడపాలా, ఆరబెట్టాలా?" మంచి ప్రశ్న. ఉగాది దాటినాక వచ్చే వారాలన్నీ ఇట్లే ఉంటాయి. మధ్యాహ్నం ఒక వాతావరణం, సాయంత్రం ఇంకొకటి. అందుకని ఈసారి అంకెలు మాత్రమే కాకుండా, ఆ అంకెలను మన పురుగుల ఇంటికి ఎట్లా అన్వయించుకోవాలో కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు వాన మాట. వాతావరణ శాఖ బులెటిన్‌లో "ఒకటి రెండు చోట్ల" అని ఉంటే, ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా వాన పడొచ్చని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం, "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75 శాతం. కాబట్టి "దక్షిణ ఒళనాడు కర్ణాటకలో ఒకటి రెండు చోట్ల వాన" అని చెప్తే, శిడ్లఘట్టలో కురిసి చింతామణిలో చుక్క పడకపోవడం తప్పు చెప్పినట్టు కాదు. ఎక్కువ ఊళ్లలో పడదనే వాళ్లు చెప్పింది. మనం మాత్రం "వాన" అన్న మాట ఒక్కటే పట్టుకుని వాళ్లను తిట్టుకుంటాం.

ఈ కాలంలో వానలు ఎందుకు ఇట్లా అక్కడక్కడా పడతాయంటే, మరాఠ్వాడా, విదర్భ వైపు నుంచి కర్ణాటక లోపలి జిల్లాల మీదుగా తమిళనాడు దాకా తరచుగా ఒక ద్రోణి ఏర్పడుతుంది. ఒకవైపు పొడిగాలి, ఇంకొకవైపు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి దాని దగ్గర కలుస్తాయి. మధ్యాహ్నం నేల బాగా కాగి గాలి పైకి లేచిన చోట మబ్బు కట్టి, సాయంత్రం ఉరిమి కురుస్తుంది. మామిడి జల్లులు అని మనం పిలుచుకునేవి ఇవే. ఆ గీత ఒక రోజు కొంచెం తూర్పుకు, ఒక రోజు పడమరకు జరుగుతుంటుంది. ఏ ఊరి మీద కురుస్తుందో రెండు రోజుల ముందు ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు.

ఇప్పుడు అసలు విషయం, తేమ. నాలుగో జ్వరం లేచిన పురుగుకు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే హాయి. చాకీ పురుగుకైతే 27, 28 డిగ్రీలు, 85 శాతం పైన తేమ కావాలి. బయట ఏముంది? ఉదయం 7 గంటలకు 22 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకుందాం. అదే గాలి, అందులో నీళ్లు ఒక్క చుక్క తగ్గకపోయినా, మధ్యాహ్నం 35 డిగ్రీలకు వేడెక్కితే తేమ 35 శాతానికి పడిపోతుంది. వేడి గాలి ఎక్కువ నీటిని పట్టుకోగలదు కాబట్టి ఉన్న నీళ్లు తక్కువ శాతమవుతాయి. అందుకే పొద్దున పడకలో వేసిన ఆకు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆకు వాడితే పురుగు సరిగా తినదు, నీళ్లు చాలక గూడు పలచబడుతుంది.

ఇట్లాంటి ఎండ రోజున తడి గోనె బాగా పని చేస్తుంది. 35 డిగ్రీలు, 35 శాతం తేమ ఉన్న గాలి తడి గుడ్డ గుండా పోతే, లెక్క ప్రకారం 23, 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. మన షెడ్డులో అంత రాదు, నాలుగైదు డిగ్రీలు తగ్గినా పెద్ద లాభమే. కానీ ఒక షరతు. గాలి ఒక కిటికీలో వచ్చి ఎదురు కిటికీలో పోవాలి. అన్నీ మూసేసి లోపల నీళ్లు చల్లితే కాసేపటికి చల్లదనం ఆగిపోయి ఉక్క మాత్రం మిగులుతుంది.

వాన పడిన సాయంత్రం కథ తిరగబడుతుంది. గాలి 30 డిగ్రీలు, 75 శాతం తేమతో ఉంటే తడి గుడ్డ ఎంత కష్టపడినా 4 డిగ్రీలకు మించి తగ్గించలేదు. ఆ తగ్గింపు కోసం తేమను 90 దాకా తీసుకుపోతాం. మేమే ఒక ఏడాది ఈ తప్పు చేశాం. మధ్యాహ్నం తడిపిన గోనెలు అలవాటుగా సాయంత్రం వాన తర్వాత కూడా తడిపి, కిటికీలు దించేసి పడుకున్నాం. పురుగు ఐదో దశ మూడో రోజు. నాలుగు రోజుల్లో తట్టలో సగం పురుగులు మెత్తబడి వాసన కొట్టాయి. మిగిలిన పంటతో ఆకు కోత కూలి కూడా రాలేదు. వేడి, తేమ రెండూ ఒకేసారి ఎక్కువై పడక పులిసిందంటే, అప్పటికే బలహీనపడిన పురుగుకు సప్పె రోగం తగలడానికి ఎక్కువ సేపు పట్టదు.

ఎప్పుడు తడపాలి, ఎప్పుడు ఆపాలి అని తెలుసుకోవడానికి ఊహ అక్కర్లేదు. పొడి బుడ్డి, తడి బుడ్డి ఉన్న జంట థర్మామీటరు గోడకు తగిలించండి. రెండింటి మధ్య తేడా చూడండి. తేడా 6, 7 డిగ్రీల పైన ఉంటే గాలి పొడిగా ఉంది, తడపండి. 4 కంటే తక్కువుంటే గోనెలు తీసేయండి, కిటికీలు తెరవండి, ఫ్యాను పెట్టండి, పడక మీద సున్నపు పొడి పలచగా చల్లి ఆరనివ్వండి. ఇది పెద్ద పురుగుల మాట, చాకీకి కాదు. తడి బుడ్డికి చుట్టిన గుడ్డ మాసిపోయినా, దాని కింద నీళ్లు లేకపోయినా లెక్క తప్పుతుంది. చాలామంది షెడ్డుల్లో చూసినాం, గుడ్డ ఎండిపోయి రెండు బుడ్లూ ఒకే అంకె చూపిస్తా ఉంటాయి. కిటికీ తెరిచినా ఊజి ఈగ వల మాత్రం తీయకండి.

ఇంకొక మాట. వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలాడే తెల్ల పెట్టెలో, మనిషి నడుము కంటే కొంచెం పైన కొలిచింది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం దానికంటే ఎక్కువే ఉంటుంది. రేకు మీద కొబ్బరి మట్టలు పరచండి, లేదా సున్నం కొట్టండి. చింతామణి, ములబాగిలు, హోసూరు 800, 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, రాత్రయితే చల్లబడతాయి. ఆ చల్లగాలిని లోపలికి రానిచ్చి, ఉదయం ఎండ ఎక్కకముందే ఎండ వైపు కిటికీలకు తెర దించుకోవచ్చు. కృష్ణగిరి, ధర్మపురి వైపు మనవాళ్లకు రాత్రి కూడా అంత చల్లగా ఉండదు. జాల్నా, బీడు వైపైతే ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే. వాళ్లు ఈ కాలంలో బైవోల్టీన్ వద్దనుకుని తోటకు విశ్రాంతి ఇచ్చినా మేం తప్పనం. సీబీ పురుగు వేడికి కొంచెం ఓర్చుకుంటుంది.

చాకీ సెంటరు నుంచి పురుగు తెచ్చుకునేవాళ్లు ఒక లెక్క వేసుకోండి. రెండో జ్వరం లేచిన పురుగు ఈ రోజు ఇంటికొస్తే, సుమారు 9, 10 రోజులకు ఐదో దశలోకి పోతుంది. మొత్తం మేతలో 80 శాతం పైన తినేది, వేడికి ఎక్కువగా నలిగేది అప్పుడే. ఐదు రోజుల సూచన దానికి అందదు. వాతావరణ శాఖ గురువారం విడుదల చేసే వారాల వారీ సూచన చూడండి. వచ్చే వారం "మామూలు కంటే ఎక్కువ" వేడి అని ఉంటే గుడ్లు తగ్గించుకోండి, వంద పెట్టే చోట డెబ్బై చాలు. తట్టలో పురుగు పలచగా ఉంటే ఎంత వేడినైనా కొంత తట్టుకుంటుంది. జిల్లా వ్యవసాయ వాతావరణ బులెటిన్ మంగళ, శుక్రవారాల్లో వస్తుంది, మేఘదూత్ యాప్‌లో కూడా ఉంటుంది. కర్ణాటకవాళ్లు వరుణమిత్రకు ఫోను చేసి తమ హోబళి సంగతి అడగొచ్చు.

ఆకు తెల్లవారుజామున గానీ పొద్దు వాలినాక గానీ కోసి, తడి గోనె కప్పి నీడలో పెట్టండి. వాన తడిసిన ఆకు ఆరబెట్టకుండా వేయొద్దు. ఉరుములు వినిపిస్తే తోటలో ఉన్నవాళ్లు చెట్టు కింద నిలబడకుండా ఇంటికి రండి, కొమ్మలు తర్వాత తెచ్చుకోవచ్చు. చంద్రికలకు పురుగు ఎక్కించినవాళ్లు ఆ రెండు మూడు రోజులు గాలికి అడ్డం పెట్టకండి. గూడు కట్టేటప్పుడు ఉక్క ఉంటే దారం సరిగా తీయడానికి రాదు, మార్కెట్టులో రీలర్లు చేతిలోకి తీసుకోగానే కనిపెట్టేస్తారు.

శుక్రవారం బులెటిన్ వచ్చినాక మళ్లీ రాస్తాం. ఈలోగా మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 8 గంటలకు మీ రెండు బుడ్ల అంకెలు, పురుగు ఏ జ్వరంలో ఉందో, ఊరి పేరుతో గ్రూపులో పెట్టండి.