కౌంట్ తెలిసినోడికి లెక్కలు రావా?

“లెక్కలు నాకు రావన్నా. వదిలెయ్” అన్నాడు వాడు. నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద, రాత్రి పదకొండింటికి.

వాడికి పదిహేడేళ్లు. టెన్త్‌లో లెక్కలు, సైన్స్ పోయాయి. సప్లిమెంటరీ రాయలేదు. చెరువు కాపలాకి కుదిరాడు. నేను బందరులో ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు ఊళ్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీకి కోడ్ రాస్తున్నా. “నువ్వు చెబితే వింటాడు బాబూ” అంది వాళ్లమ్మ. చెప్పా. చదువు, ఫ్యూచర్, ప్యాకేజీ... అరగంట క్లాస్ పీకా. మర్నాటి నుంచి నేను కనబడితే వాడు సందు మారిపోయేవాడు.

రెండు నెలలయ్యాక ఒక రాత్రి ఊరికే చెరువు దగ్గరికెళ్లా. ఈసారి వాణ్నే మాట్లాడనిచ్చా. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందట. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే వెంటనే ఇంజన్ వెయ్యాలి. కునుకు పడితే పంట పోతుంది. వాడు పడుకునేదే పొద్దున ఏడింటికి! అలాంటోణ్ని పదింటికి ట్యూషన్‌కి రమ్మన్నా నేను.

“కౌంట్ ఎంతుందిరా?”

“నలభై అన్నా.”

“అంటే ఒక్కో రొయ్య?”

“పాతిక గ్రాములు.”

“అరవై కౌంటైతే?”

“పదహారున్నర పైన.”

“మరి లెక్కలు రావన్నావ్?”

మొదటిసారి నవ్వాడు.

ఇంకో దారి ఉంది

2022లో మన రాష్ట్రంలో టెన్త్ పాసైంది 67.26 శాతమే. ఫెయిలైనవాళ్లు దాదాపు రెండు లక్షలు. అలాంటివాళ్ల కోసమే 1991 నుంచి ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే చాలు, టెన్త్‌లో చేరొచ్చు. ఐదు సబ్జెక్టులు, సెలవు రోజుల్లో క్లాసులు. అందులో లెక్కలు తీసుకోకపోయినా ఫర్వాలేదు. కానీ పాలిటెక్నిక్‌కి టెన్త్‌లో లెక్కలు ఉండాలి. ఏరేటర్ మోటార్లు విప్పి బిగించే మావోడు లెక్కలే పెట్టుకున్నాడు.

అసలు చిక్కు డ్యూటీది. 18 నిండనివాళ్లతో రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదని చట్టం. ఆ మాట చెబితే చెరువాయన గొణుక్కుంటూనే పగటికి మార్చాడు, జీతం తగ్గించాడు. “ఇల్లెట్టా గడుస్తది బాబూ?” అంది వాళ్లమ్మ. నా దగ్గర జవాబు లేదు. అడ్మిషన్ ఫీజు మాత్రం నేను కట్టా. మిగతాది ఆవిడే ఈదుతోంది.

ఇప్పుడు గుడివాడలో ఒకడు, బందరులో ఒకడు, నా క్లాస్‌మేట్లిద్దరూ కలిశారు. రోజూ సాయంత్రం ఏడింటికి వీడియో కాల్‌లో గంటసేపు లెక్కలు. ఇలాంటి పిల్లలే ఇంకో నలుగురు చేరారు. ఒకడు మానేశాడు కూడా. వాడికి ఫోన్ చేస్తూనే ఉన్నాం, ఎందుకు రాలేదని మాత్రం అడగడం లేదు.

మీ వీధిలోనూ ఇలాంటి తమ్ముడో చెల్లెలో ఉండే ఉంటారు. సలహా తర్వాత ఇద్దురుగాని. ముందు ఎన్నింటికి పడుకుంటున్నారో అడగండి. పిల్లలు ప్రమాదంలో ఉన్నారనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.

మావోడు పరీక్ష ఇంకా రాయలేదు. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు: “అన్నా, శాతాలు అయిపోయాయి. నెక్స్ట్ ఏంటి?”