ముల్లు కిందికి దిగిందని కారు బాగుపడినట్టు కాదు

జూలైలో ఒక శనివారం. ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌కి ఐ-17 మీద వెళ్తున్నాం. డ్రైవింగ్ నాది. పక్క సీట్లో ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, వెనక పిల్లలిద్దరూ. మావారు ఆఫీసు పని మీద ముందురోజే అక్కడికి వెళ్లారు. బ్లాక్ కాన్యన్ సిటీ దాటగానే ఆ రోడ్డు మన ఘాట్ రోడ్డులా పైకి లేస్తుంది. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉంటే ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగులు. బయట 42 డిగ్రీలు, లోపల ఏసీ ఫుల్లు, పైగా ఎత్తు. ఇంజన్‌కి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు.

ముందు ఒక తియ్యటి వాసన వచ్చింది, పాకం పడుతున్నట్టు. పిల్లల చాక్లెట్ ఏదో కరిగిందనుకున్నాను. రెండు నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు మధ్య నుంచి జరిగి ఎర్రగీత దాకా వచ్చేసింది. ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టాను. "ఇంత ఎండలో హీటరేంటమ్మా, మమ్మల్ని ఉడకబెడతావా?" అన్నారు అత్తయ్యగారు. ఇంజన్ వేడిలో కొంత హీటర్ గుండా బయటికి పోతుందని నా ఆశ. కానీ వేడి గాలి రాలేదు, మామూలు గాలే వచ్చింది. అంతలో ముల్లు దానంతటదే దిగి మధ్యకి వచ్చేసింది.

"అమ్మా, తగ్గిపోయింది!" అన్నాడు మావాడు. నాకు గుండె జారింది అప్పుడే.

ఆ ముల్లుకి కబురు చెప్పే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటుంది. కూలెంట్ కారిపోతే అది గాలిలోనో ఆవిరిలోనో మిగులుతుంది. అప్పుడు అది చూపించేది ఇంజన్ వేడిని కాదు. హీటర్‌లో వేడి రాకపోవడానికీ కారణం అదే, ఇంజన్ నుంచి అక్కడికి వెళ్లాల్సిన వేడి ద్రవం లేదు. ఎర్రగీత దాకా ఎక్కిన ముల్లు, కొండ ఎక్కుతూ ఉండగానే, హీటర్ వేడి గాలి ఇవ్వకుండా ఉండగానే దిగిపోయిందంటే చల్లబడిందని సంబరపడకండి. వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియా ఇంకా కొన్ని మైళ్లే కదా అని నాకూ అనిపించింది. ఆ కొన్ని మైళ్లలోనే ఇంజన్ పోయేది.

ఆగాక అందరినీ కుడివైపు తలుపుల్లోంచి దింపి, రోడ్డుకి దూరంగా, రెయిలింగ్ అవతల గొడుగు కింద కూర్చోబెట్టాను. మావారికి ఫోన్ చేస్తే "చల్లారాక నీళ్లు పోసి మెల్లిగా వచ్చేయ్" అన్నారు. మన ఊళ్లలో లారీవాళ్లు రేడియేటర్‌లో బకెట్లతో నీళ్లు పోయడం చూసి పెరిగిన వాళ్లం కదా. పూర్తిగా చల్లారాక, కారేది చుక్కలుగానే అయితే, దగ్గరలో ఉన్న షాపు దాకా అది పనికొస్తుంది. మా కారు కింద మాత్రం మడుగే ఉంది, బానెట్ సందులోంచి ఆవిరి. ఎంత పోసినా నిలవదు. పైగా డిక్కీలో ఉన్న నీళ్లు తాగడానికే సరిపోతాయి. ఆ ఎండలో డెబ్బై దాటిన మనిషి ఉండగా తాగే నీళ్లు ఇంజన్‌కి పోయడం నాకు తెలివైన పనిగా తోచలేదు. టోయింగ్‌కి ఫోన్ చేశాను. పెద్దవాళ్లకి కళ్లు తిరగడం, మాట తడబడటం మొదలైతే టో ట్రక్ కోసం చూడకుండా 911కి చేయాలి.

వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకూడదని అందరూ చెప్తారు. ఎందుకో కుక్కర్ వాడే వాళ్లకి విడమర్చనక్కర్లేదు. కూలెంట్ అంటే సాధారణంగా సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్. మామూలు ఒత్తిడిలో ఈ మిశ్రమం 106 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత 15 పీఎస్ఐ ఒత్తిడి పట్టి ఉంచితే 129 దాకా మరగదు. విజిల్ దిగకుండా కుక్కర్ మూత లాగితే పప్పు ఎలా చిమ్ముతుందో, ఇదీ అంతే. ముఖం మీదికి. అన్నట్టు, ఆ తియ్యటి వాసన గ్లైకాల్‌దే. అది విషం, రుచి కూడా తియ్యగానే ఉంటుంది. డ్రైవ్‌వేలో కారితే పిల్లల్ని, కుక్కల్ని దగ్గరికి రానివ్వకుండా కడిగేయండి.

లీకు రేడియేటర్‌దే. పైన ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కలిసే చోట పగిలింది. ఏళ్లు గడిచిన కార్లలో ఇది మామూలే. కొత్తది వేయించాం, కథ అయిపోయిందనుకున్నాం. నాలుగో రోజు కూరగాయల షాపు పార్కింగ్‌లో ముల్లు మళ్లీ లేచింది. రేడియేటర్ వేసిన షాపతను ఫోన్‌లోనే "హెడ్ గాస్కెట్ పోయుంటుంది, రెండున్నర వేల డాలర్లు దాటుతుంది" అన్నాడు. చూడకుండానే!

అతని అనుమానం అసాధ్యమేమీ కాదు. ఇంజన్ బ్లాకుకీ, పైనున్న హెడ్‌కీ మధ్య ఉండేది గాస్కెట్, కుక్కర్ రబ్బరు లాంటిదే. విపరీతంగా వేడెక్కితే అల్యూమినియం హెడ్ వంకర పోయి అక్కడ సందు పడుతుంది. కానీ లీకు తర్వాత మళ్లీ వేడెక్కడానికి అంతకంటే చవక కారణాలు చాలా ఉన్నాయి, వాటిని ముందు చూడాలి. కొత్తగా కూలెంట్ నింపినప్పుడు లోపల గాలి చిక్కుకుపోవచ్చు. అప్పుడు హీటర్ కాసేపు వేడి, కాసేపు చల్లన, డాష్‌బోర్డ్ వెనక గుడగుడ శబ్దం. ఆగి ఉంటే వేడెక్కి, హైవే మీద సర్దుకుంటే ఫ్యాన్ మీద అనుమానం. హైవే మీద, ఎత్తుల్లో మాత్రమే వేడెక్కితే రేడియేటర్ మూసుకుపోవడమో, పంపు సరిగా తిప్పకపోవడమో.

మా కారులో ఇవేవీ సరిపోలేదు. చల్లారాక చూస్తే కూలెంట్ గీత దాకా ఉంది. హీటర్ నిలకడగా వేడి గాలి ఇస్తోంది. ఫ్యాన్ తిరుగుతోంది. దోశ పెనం వేడి చూసుకోవడానికి కొన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీసుకెళ్లి, చెయ్యి ఫ్యాన్‌కి దూరంగా పెట్టి, రేడియేటర్ గొట్టాల మీద చూపించాను. ఒకటి 98, రెండోది 46. (మెరిసే లోహం మీద ఇది తప్పు చూపిస్తుంది. నల్ల రబ్బరు మీద పర్వాలేదు.) ఇంజన్ కాలిపోతుంటే ఒక గొట్టం అంత చల్లగా ఉందంటే రేడియేటర్ గుండా ప్రవాహమే లేదు. మధ్యలో తలుపు తెరుచుకోవడం లేదు. ఆ తలుపే థర్మోస్టాట్. లోపల మైనం ఉంటుంది, 82 నుంచి 90 డిగ్రీల మధ్య కరిగి, వ్యాకోచించి కవాటాన్ని తోస్తుంది. బాగా వేడెక్కిన ఇంజన్‌లో అది పాడవడం కొత్తేమీ కాదు.

ఇదంతా కాగితం మీద రాసుకుని వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. గాస్కెట్ సంగతి కూడా తేల్చమన్నాను. ఆయన రేడియేటర్ మూతి మీద ఒక గాజు గొట్టం పెట్టి, అందులో నీలం ద్రవం పోసి, పైన రబ్బరు బంతి నొక్కుతూ లోపలి గాలిని దాని గుండా లాగాడు. ఏమిటా ద్రవం అని అడిగితే బ్రోమోథైమాల్ బ్లూ! డిగ్రీ ల్యాబ్‌లో స్ట్రాతో ఊది పసుపు చేసిన ద్రవమే. గాస్కెట్ పోతే పెట్రోలు మండిన పొగ కూలెంట్‌లోకి చేరుతుంది, అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి నీలం పసుపవుతుంది. మాది నీలంగానే ఉంది. ఒక్కసారి నీలంగా ఉంటే గాస్కెట్ నిక్షేపంగా ఉన్నట్టు కాదు, పసుపైతే మాత్రం దాదాపు ఖాయం. ఈ పరికరాన్ని కొన్ని ఆటో పార్ట్స్ షాపులు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి కూడా. ఇక ఆయిల్ మూత కింద పాలకాఫీ లాంటి నురగ, సైలెన్సర్‌లో ఆగని తెల్లపొగ, బయట చుక్క కారకుండానే తరిగిపోయే కూలెంట్, ఇవి గాస్కెట్ లక్షణాలు. చలి ప్రాంతాల్లో చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే కార్లకి మూత కింద కాస్త నురగ ఉత్త తేమ వల్ల కూడా వస్తుంది. న్యూజెర్సీ వాళ్లు దాన్ని ఒక్కటే చూసి హడలిపోవద్దు.

థర్మోస్టాట్ మార్చారు. కూలి, కొత్త కూలెంట్‌తో కలిపి మూడు వందల డాలర్ల లోపే. కూలెంట్ రంగు చూసి కొనకండి, రంగులకి అన్ని కంపెనీలకీ ఒకే పద్ధతి లేదు. ఓనర్స్ మాన్యువల్‌లో ఏ రకం రాశారో అదే పోయాలి.

పాత థర్మోస్టాట్ అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. గరాజ్‌లో చిన్న ఎలక్ట్రిక్ స్టవ్ మీద ఒక పాత గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేశాను. దాని మీద 82 అని చెక్కి ఉంది. నీళ్లు తెర్లుతున్నాయి, పది నిమిషాలైంది, కవాటం వెంట్రుక మందం కూడా కదల్లేదు. పిల్లలు కుర్చీలేసుకుని చూశారు. గ్లైకాల్ తగిలింది కాబట్టి ఆ గిన్నె మీద మార్కర్‌తో 'వంటకు కాదు' అని రాసి అక్కడే పెట్టేశాను. మర్నాడు అత్తయ్యగారు దాన్ని చేతిలోకి తీసుకుని, "మరి ఈసారి ఏం ఉడకబెడతావమ్మా?" అన్నారు.