బాపు అంగీ... నా కొలతకు!

ఉద్యోగ వేటలో ఏ పనీ ఒక్క రోజులో తేలదు. పాత బట్టను మళ్లీ కుట్టుకోవడం అలా కాదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఒంటి మీద ఉంటుంది. ఖాళీగా ఉన్న రోజుల్లో ఆ తేడాయే నన్ను నిలబెట్టింది.

రెజ్యూమెలో ‘హాబీలు’ అన్న చోట మీరేం రాశారు? పాటలు వినడం, క్రికెట్ ఆడటం, పుస్తకాలు చదవడం... అంతేనా? నేనూ అదే రాశాను. సీనియర్ ఇచ్చిన రెజ్యూమెలో పేరు, మార్కులు మార్చుకున్నాను కానీ హాబీల జోలికి పోలేదు. ఓ ఇంటర్వ్యూలో ‘ఈమధ్య ఏ పుస్తకం చదివారు?’ అని అడిగితే నోట మాట రాలేదు. చేయని పని గురించి ఒక్క వాక్యం కూడా చెప్పలేమని ఆ రోజు తెలిసింది. చేసే పని ఒకటి దొరకడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. అది మా ఇంట్లోనే, అమ్మ కుట్టు మిషన్ మీద దొరికింది.

అటక మీది కార్టన్

2020 మార్చిలో అమీర్‌పేట హాస్టల్ ఖాళీ చేసి కోరుట్లకు వచ్చేశాను. నేర్చుకుంటున్న కోర్సు సగంలో ఆగింది. ఆఫర్ ఇచ్చిన ఓ కంపెనీ జాయినింగ్ తేదీని రెండుసార్లు వాయిదా వేసి, ఆ తర్వాత మెయిల్‌కు జవాబివ్వడమే మానేసింది. అమ్మ చాట ముందట పెట్టుకుని బీడీలు చుట్టేది. తీరిక దొరికితే మిషన్ మీద జాకెట్లు కుట్టేది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇన్‌బాక్స్ రిఫ్రెష్ కొట్టేవాణ్ని. పొద్దుగూకేసరికి అమ్మ చాటలో బీడీ కట్టలుండేవి. నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

మాస్కుల కాలం కదా, వాడలోవాళ్లు కుట్టిమ్మని అడగడం మొదలైంది. ‘ఊకె ఆ డబ్బ ముంగట కూసునుడేంది, ఈ గుడ్డలన్న కొయ్యరాదు’ అంది అమ్మ. పాత నూలు లుంగీలు కోసిచ్చాను. నాలుగో రోజుకు మిషన్ కూడా తొక్కాను. మొదట్లో కుట్టు పాములా పోయేది. వారం తిరిగేసరికి గీత మీద నడిచింది.

మాస్కుల గిరాకీ తగ్గాక చేతులు ఊరుకోలేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు చాలా ఇళ్లలో అటక మీద ఓ గల్ఫ్ కార్టన్ ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. మా బాపు మస్కట్‌లో పనిచేసేవాడు. ఆయన తొడిగి వదిలేసినవి, అక్కడివాళ్లు ఇచ్చినవి, సెలవుల్లో తెచ్చినవి... మంచి మంచి అంగీలు అందులో మూలుగుతున్నాయి. అన్నీ 44 సైజు. నాది 38. ఒకటి తీసి, నా కొలత గీసి, కత్తెర వేశాను.

ఆ అంగీ పాడైంది. కుట్టులోకి పోయే గుడ్డ కోసం అర అంగుళం మార్జిన్ వదలాలన్న సంగతి నాకు తెలియదు. చంకల దగ్గర పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. ‘కోసినంక మల్ల అతుకుతదా బిడ్డా? అడిగి కొయ్యాలె గని’ అంది అమ్మ. కంట్రోల్ జెడ్ నొక్కి బతికినోడికి అది గట్టి దెబ్బే. ఆ అంగీ దిండు గలీబైంది. ఇప్పటికీ దాని మీదే పడుకుంటాను.

విప్పడమే పాఠం

రెండో అంగీకి అమ్మ కత్తెర ఇవ్వలేదు, బ్లేడు ఇచ్చింది. ‘ముందుగాల ఇప్పు’ అంది. విప్పుతుంటే అర్థమైంది, అంగీ కూడా ఒక అసెంబ్లీయే. వీపు, రెండు ముందు ముక్కలు, భుజాల మీద యోక్, రెండు చేతులు, కఫ్‌లు, కాలర్, దాని కింది పట్టీ, జేబు. చివర వేసిన కుట్టును ముందు విప్పాలి, మొదట వేసినదాన్ని చివర విప్పాలి. డేటా స్ట్రక్చర్స్‌లో ‘స్టాక్’ గురించి పరీక్ష రాసి పాసయ్యాను కానీ, అదేంటో చేతికి తెలిసింది ఆ రోజే.

గుడ్డకో దిశ ఉంటుందనీ తెలిసింది. పొడవునా నడిచేది పడుగు, అడ్డంగా నడిచేది పేక. పడుగు వైపు గుడ్డ పెద్దగా సాగదు. మూలగా లాగితే బాగా సాగుతుంది. అంగీ ముక్కలు పడుగు వెంట నిలువుగా పడకపోతే రెండు ఉతుకులకే ఓ పక్కకు మెలిపడుతుంది. చౌక టీషర్టుల పక్క కుట్టు కొన్నాళ్లకు పొట్ట మీదికి తిరగడం చూసే ఉంటారు. దాని వెనకా ఇలాంటి గుడ్డ సంగతే ఉంది.

ఈసారి నాకు సరిపోయే అంగీని బాపు అంగీ మీద పరిచాను. భుజాలు కలిపి చాక్‌తో గీసి, మార్జిన్ వదిలి, చేత్తో కచ్చా కుట్టు వేసి, తొడిగి చూసుకున్నాకే మిషన్ ఎక్కించాను. పొద్దున తొమ్మిదికి మొదలైన పని సాయంత్రం ఆరింటికి అయిపోయింది. ఆ రోజు కూడా మెయిల్ ఏదీ రాలేదు. కానీ మొదటిసారి ఆ సంగతి రాత్రి పడుకునేటప్పుడు గుర్తొచ్చింది.

బతుకమ్మ చీర, లాంగ్ ఫ్రాక్

తర్వాత వంతు చెల్లిది. 2017 నుంచి 2023 దాకా రాష్ట్ర ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. కొందరు ఇష్టంగా కట్టారు, కొందరు బీరువాలో దాచారు. ఇంకొందరు అడవి పందులు రాకుండా చేను చుట్టూ కట్టారు. మా ఇంట్లోని ఓ గులాబీ రంగు చీర లాంగ్ ఫ్రాక్ అయింది, కొంగు చున్నీ అయింది.

పాలిస్టర్ గుడ్డ అంత తేలిగ్గా లొంగదు. మిషన్ కింద జారుతుంది, కోసిన చోట పోగులు ఊడతాయి, ఇస్త్రీ వేడి ఎక్కువైతే ముడుచుకుపోతుంది. సన్న సూది వేసి, కింద నూలు లైనింగ్ పెట్టాక గానీ దారికి రాలేదు. ఏ గుడ్డో తెలియకపోతే ఒక్క పోగు లాగి జాగ్రత్తగా అంటించి చూడండి. నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి గింజలా మిగులుతుంది.

ఇదంతా కొత్త ఫ్యాషనేం కాదు. పాత చీరల పొరలతో బొంత కుట్టిన అమ్మమ్మలు, చిరిగిన కాలర్‌ను తిప్పి కుట్టి అంగీకి ఇంకో ఏడాది ఆయుష్షు పోసిన టైలర్లు మన గల్లీల్లోనే ఉన్నారు. మనం ‘థ్రిఫ్ట్’ అని కొత్త పేరు పెట్టుకున్నాం, అంతే. హైదరాబాద్‌లో ఉంటే గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత తిరిగి చూడండి. ఊళ్లో ఉంటే ముందు మీ అటక చూడండి.

సిరిసిల్లలో అడిగిన ప్రశ్న

లైనింగ్ గుడ్డ కోసం కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాను. బతుకమ్మ చీరలు ఎక్కువగా నేసింది అక్కడి మరమగ్గాల మీదే. షెడ్డులోకి అడుగుపెడితే పక్క మనిషి మాట వినపడదు. అంచు డిజైన్ వేసే జకార్డు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ తయారుచేసిన మగ్గం, రంధ్రాలు పొడిచిన అట్టలను చదివి ఏ పడుగు పోగు లేవాలో నిర్ణయించేది. ఆ అట్టల ఆలోచననే ఛార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్‌కు తీసుకున్నాడు. మనం రాసే కోడ్ పుట్టిల్లు ఓ మగ్గం షెడ్డన్నమాట.

నేనేం చేస్తానో విన్న ఓ మగ్గం కార్మికుడు నవ్వుతూనే అడిగాడు: ‘మీరందరు పాతయే తిప్పి తిప్పి తొడుక్కుంటే, మేం నేసింది ఎవలు కొనాలె తమ్మీ?’

జవాబు చెప్పలేకపోయాను. ఆర్డర్లు ఆగినప్పుడల్లా ఆ ఊరు పడ్డ బాధ మనం పేపర్లలో చదివిందే. బస్సులో ఇంటికి వస్తూ ఆలోచించాను. కుట్టడం మొదలుపెట్టాక నేను రెడీమేడ్ కొనడం తగ్గింది, గుడ్డ కొనడం పెరిగింది. మీటరు చొప్పున కొని, నేత చూసి, అంచు చూసి కొంటున్నాను. రెండు ఉతుకులకు పోయే టీషర్టు డబ్బు ఇప్పుడు లైనింగ్‌కో, నూలు గుడ్డకో పోతోంది. ఆయన ప్రశ్నకు ఇది సగం జవాబే. మిగతా సగం మన పేజీ చదివేవాళ్లకు సంబంధించింది. గుడ్డ నేసిన ఊళ్లోనే అది బట్టగా మారితే కూలీతోపాటు కొలువులూ అక్కడే ఉంటాయి. సిరిసిల్ల పక్కన పెద్దూరులో అపెరల్ పార్కు పెట్టింది అందుకే.

ఇది కొలువు అవుతుందా?

హాబీని వెంటనే వ్యాపారం చేసేయమని నేను చెప్పను. ఒక పాత అంగీ విప్పి కుట్టడానికి రోజు పడితే, దాన్ని అమ్మి బతకడం కష్టం. అయితే ఆసక్తి గట్టిగా ఉంటే దారులున్నాయి.

నిఫ్ట్‌లో ఎం.ఎఫ్.టెక్ అనే పీజీ కోర్సుకు బీటెక్ చేసినవాళ్లూ అర్హులే. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఇండస్ట్రియల్ ఇంజినీర్లు ఒక్కో కుట్టుకు ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కగట్టి, లైన్‌లో ఎవరి దగ్గరా పని పేరుకుపోకుండా చూస్తారు. మెకానికల్ వాళ్లకు ఈ లెక్క కొత్తేం కాదు. ఐటీఐల్లో ‘సీయింగ్ టెక్నాలజీ’ ఏడాది ట్రేడ్. ఇక 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో టైలరింగ్ ఒకటి. శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000 ఇస్తారు. అయితే అది ఇప్పటికే ఆ వృత్తి మీద బతుకుతున్నవాళ్లకు. హాబీగా కుట్టే మీకు కాదు, ఇంట్లో జాకెట్లు కుట్టే మీ అమ్మకు పనికిరావచ్చు. వివరాలు కనుక్కోండి.

నా సంగతికొస్తే, 2021లో ఓ వీడియో ఇంటర్వ్యూకు బాపు అంగీ తొడుక్కునే కూర్చున్నాను. హాబీల దగ్గర ‘పాత బట్టలు మళ్లీ కుట్టడం’ అని రాశాను. ‘ఏదైనా పాడుచేశారా?’ అని అడిగారు. అయిదు నిమిషాలు ఆగకుండా చెప్పాను. ఏం తప్పు జరిగింది, ఎందుకు జరిగింది, రెండోసారి ఏం మార్చాను... ఒక్క ముక్కా బట్టీ పట్టింది కాదు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ గొంతు వణకని మొదటి ఇంటర్వ్యూ అదే. మూడు నెలల తర్వాత ఓ చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. అక్కడా పని అదే, ఎక్కడ ఊడుతుందో ముందే లాగి చూడటం.

మొదలుపెడతారా?

• మిషన్ కొనకండి. ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్నదాని మీద నెల రోజులు నేర్చుకోండి. సూది, దారం, మంచి కత్తెర, టేపు, చాక్ చాలు.

• మొదటి బట్ట పోయినా బాధపడనిదై ఉండాలి. దిండు గలీబు, సంచి, తర్వాత ప్యాంటు పొడవు తగ్గించడం, ఆ తర్వాతే అంగీ.

• పాత బట్ట తేగానే వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పాలిస్టరైతే గోరువెచ్చని నీళ్లు చాలు. నూలు గుడ్డ కుంచించుకుపోయేదేమన్నా ఉంటే కోయకముందే తేలిపోతుంది.

• వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. చంకలు, మోచేతులు, తొడల దగ్గర పలచబడిన గుడ్డ కుట్టినా నిలవదు.

• సూది గుడ్డను బట్టి మార్చండి. పలచటి గుడ్డకు 11, మామూలు నూలుకు 14, జీన్స్‌కు 16 నంబర్.

• ముందు, తర్వాత ఫొటోలు తీసి పెట్టుకోండి. పాడైనవాటివి కూడా. ఇంటర్వ్యూలో పనికొచ్చేవి అవే.

‘ఇది నాదే గదరా?’

2022లో బాపు సెలవు మీద వచ్చాడు. నేను తొడుక్కున్న గీతల అంగీని కాసేపు చూసి ‘ఇది నాదే గదరా?’ అన్నాడు. అవునన్నాను. భుజం కుట్టు పట్టుకుని చూశాడు, లోపలి వైపు తిప్పి చూశాడు. బీటెక్ చదివి మిషన్ కుట్టుడేందని అంటాడేమో అనుకున్నాను. ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున తన సూట్‌కేసులోంచి మూడు అంగీలు తెచ్చి మిషన్ మీద పెట్టాడు. ‘ఇవి గూడ జర చిన్నగ చెయ్యి. నాకే. వదులైతున్నయ్’ అన్నాడు.

టేపు పెట్టి కొలిచాను. 44 కాదు, 40. ఫోన్‌లో రోజూ ‘మంచిగున్న’ అనే మనిషి ఎంత సన్నబడ్డాడో ఆ టేపు చెప్పింది. ఆ మూడింటినీ విప్పడానికి రెండు రోజులు పట్టింది. తొందరపడలేదు.